ఎడమచెయ్యీ, పొడుగు మీటా

మనిషి పోయాక ఆమె కుర్చీలో కూర్చోవడం నాకు ఇష్టం లేదు. కానీ చామంతి ధర మారింది. పేజీలో పాత ధరే ఉంటే కొనేవాడు ఫోన్ చేసి ఆ ధరకే ఇమ్మని వాదిస్తాడు. వాదించే ఓపిక నాకు లేదు. అందుకని కర్మలన్నీ అయ్యాక ఒక ఆదివారం పొద్దున ఎంకపల్లి దాటాక ఉన్న వాళ్ళింటికి పోయాను.

ఆమె కొడుకే తలుపు తీశాడు. ఐటీ ఉద్యోగి, తల సగం నెరిసినవాడు, నన్ను పిన్నిగారూ అంటాడు. తల్లి గదిలోకి తీసుకుపోయి కంప్యూటర్‌లో మా పేజీ తెరిచాడు. ముడిమ్యాలలో పూలు పండించే ఆడవాళ్ళం కొందరం కలిసి ఇంటర్నెట్‌లో పెట్టుకున్న పేజీ అది. ఏ పూలున్నాయి, ఇవాళ ధర ఎంత, ఏ నంబరుకు ఫోన్ చేయాలి. అంతకుమించి అందులో ఏమీ లేదు. దాన్ని రాసింది ఆమె, వర్డులో.

కొడుకు పైన ఏదో గుర్తు మీద నొక్కాడు. తెల్లగా ఉండాల్సిన చోటల్లా చుక్కలు లేచాయి. ధరల మధ్య, పూల పేర్ల ముందు, పైన పేజీ పేరున్న తలకట్టుకు ఎడమ పక్కన, వరసలు వరసలుగా.

“ఏందిది? చీమలు పట్టినయా?”

“అమ్మ కొట్టిన ఖాళీలు పిన్నిగారూ. స్పేస్ బార్ నొక్కిన ప్రతిసారీ ఒక చుక్క పడుతుంది. మామూలుగా కనపడవు. వీటి వల్లే ఫోన్లో చూసేవాళ్ళకి పేజీ వంకరగా వస్తోంది. తలకట్టు ఓ మూలకి పోతోంది, ధరలు కింది వరసలోకి జారిపోతున్నాయి.” నా వైపు తిరిగాడు. “మొత్తం తీసేసి కొత్తగా చేస్తే అరగంట పని. తీసేయమంటారా?”

అడిగాడు కానీ వేలు మీట మీదికి పోలేదు. నేనూ జర ఆగమన్నాను. అతను టీ పెట్టడానికి లోపలికి పోయాడు. నేను ఆ చుక్కల ముందు కూర్చున్నాను.

ఆమె పేరు నేను రాయను. మా వైపు ఎవరూ ఆమెను పేరుతో పిలవలేదు. మాకు ఆమె టైపమ్మ. గోదావరి పక్క ఏదో కచేరీలో టైపిస్టుగా పనిచేసి, రిటైరయి, కొడుకు ఇక్కడ ఇల్లు కట్టుకుంటే వచ్చింది. నాకన్నా కొంచెం పెద్దది. ఆమె నన్ను మీరు అనేది, నేను ఆమెను నువ్వు అనేదాన్ని. ఇద్దరం మార్చుకోలేదు.

మొయినాబాద్‌లో రోడ్డు పక్కన పూలు పెట్టుకుని కూర్చున్నప్పుడు మొదటిసారి చూశాను. పూలు కొనడానికి వంగి, పూలను వదిలేసి నా అట్టను చూసింది. బంతి, చామంతి అని దాని మీద నేనే రాసుకున్నాను.

“ఇది ఎవరు రాశారండీ?”

“నేనే. తప్పుంటే చెప్పు. పూలైతే వాడలె.”

“తప్పు లేదండి. అంచు వదల్లేదు మీరు. అక్షరాలు గోడకి కొట్టుకుంటున్నాయి.”

నాకు కోపం రావాలి, రాలేదు. నా రాతను చూసిన వాళ్ళు ఇంత వయసులో నేర్చుకున్నావా అని మెచ్చుకుని పోయేవాళ్ళు. చిన్నపిల్లను మెచ్చుకున్నట్టు ఉండేది. ఈమె ఒక్కతే దాన్ని రాతగా చూసి తప్పు పట్టింది.

నేను చదువు నేర్చుకున్నది జాలి కోసం కాదు. బ్యాంకులో ఒకడు నా బొటనవేలు పట్టుకుని, సిరాలో అద్ది, కాగితం మీద ఒత్తేవాడు. ముఖం కూడా చూసేవాడు కాదు. వేలు నాది, ఒత్తేది వాడు. అది పడకనే యాభై దాటాక ఊళ్ళో పెట్టిన పెద్దల బడిలో పోయి కూర్చున్నాను. ఆ సంగతి ఆమెకు చెబితే అయ్యో అనలేదు. నా బొటనవేలు చూసి, “టైపుకి పనికొస్తుందండి ఇది” అంది.

పేజీ సంగతి అక్కడే, రోడ్డు పక్కనే పుట్టింది. మా పూలు తెల్లారకముందే ఆటోలో మొయినాబాద్ మీదుగా గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోతాయి. ఇక్కడి ఫాంహౌజుల్లో పెళ్ళిళ్ళు చేసే డెకరేషన్‌వాళ్ళు అక్కడికి పోయి, అవే పూలు కొని, అదే రోడ్డున వెనక్కి తెస్తారు. పూలకు ఊరు చూపించినట్టు. ఒకరోజు ఆ మాట అని తిట్టుకుంటుంటే ఆమె అంది:

“మీ పూలు ఇక్కడే ఉన్నాయని వాళ్ళకి తెలిసేదెట్లాగండీ? ఒక వెబ్ పేజీ పెట్టుకోండి.”

“దానికి ఇంజినీరు గావాలె గద.”

“వర్డు చాలండి. కాగితం రాసినట్టే రాయడం. దాచేటప్పుడు మాత్రం వెబ్ పేజీగా దాచమని చెప్పడం. అంతే.”

వాట్సప్‌లో పెట్టుకుంటే పోలేదా అని మా ఆడవాళ్ళే అన్నారు. వాట్సప్‌లో పొద్దున పెట్టింది సాయంత్రానికి గుడ్ మార్నింగుల కింద పడిపోతుంది. పేజీ అట్లా కాదు, ఉన్నచోటే ఉంటుంది. ఇంటర్నెట్‌లో పేజీ పెట్టడానికి జాగా కొడుకు కిరాయికి తీసుకున్నాడు. “వర్డులో వెబ్ పేజీలు ఎవరూ చేయరమ్మా ఇప్పుడు” అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. “నేను చేస్తానుగా” అంది.

ఆమె పని చేస్తుంటే చూడాలి. మీట నొక్కడం ఆమెకు తెలియదు, కొట్టడమే తెలుసు. ఆ పలుచని ప్లాస్టిక్ పలక బల్ల మీద ఎగిరేది. వరస చివరికి రాగానే ఎడమచెయ్యి దానంతట అది గాలిలోకి లేచి, లేని మీట ఒకదాన్ని పట్టుకుని కుడివైపుకు తోసేది. టైపు మిషన్ మీద కాగితం ఉన్న బండిని వెనక్కి తోయడం అది. కంప్యూటర్ వరసను అదే మారుస్తుందని ఆమెకు తెలుసు. చెయ్యి వినేది కాదు. ఎడమపక్క టీ గ్లాసు పెడితే ఆ చెయ్యి తగిలి ఒలికేది. అందుకని ఆ ఇంట్లో ఆమె గ్లాసు ఎప్పుడూ కుడిపక్కనే.

తలకట్టు రాయడం ఇంకో తమాషా. మాటను పేజీ నడుమకు తేవాలంటే కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ అక్షరాలు లెక్కపెట్టేది. సగం చేసేది. ఆ లెక్క ప్రకారం, ఖాళీలు వేసే పొడుగు మీటను బొటనవేలితో టక్ టక్‌మని కొట్టుకుంటూ పోయి, ఆగి, అప్పుడు మొదటి అక్షరం వేసేది. నడుమకు తెచ్చే బటన్ ఒకటి పైనే ఉంది. కొడుకు చాలాసార్లు చూపించాడు.

“బటన్ నొక్కితే వస్తుందిరా. వచ్చాక అది నేను పెట్టినట్టుండదు.”

నాకూ నేర్పింది. నా రెండు చేతులూ మీటల మీద పెట్టించి పైన తువ్వాలు కప్పేది. వాళ్ళ టైపు బడిలో అదే పద్ధతట, చూడకుండా కొట్టాలని.

“గానుగెద్దుకు గంతలు కట్టినట్టున్నది.”

“ఎద్దుకి దారి తెలుసండి. మీ వేళ్ళకీ తెలుస్తుంది.”

ఆమె దగ్గర నేను ఎక్కువసార్లు విన్న మాట సంచి గురించి. వర్డులో రాసిందాన్ని వెబ్ పేజీగా దాస్తే, ఫైలు పక్కన దాని పేరుతోనే ఇంకో ఫోల్డరు పుడుతుంది. ఫొటోలన్నీ అందులోకి పోతాయి. ఆమె దాన్ని సంచి అనేది. ఒకసారి సంచి లేకుండా ఫైలు ఒక్కటే తన కంప్యూటర్‌లోనే ఇంకోచోటికి మార్చి తెరిచింది. చామంతి ఫొటో ఉండాల్సిన చోట ఖాళీ గడి కనబడిందట. అప్పటినుంచి పేజీ పంపే ముందు ప్రతిసారీ పైకే అనుకునేది, “ఫైలూ సంచీ కలిసే ప్రయాణం చేయాలి.” బస్సెక్కే ముందు పిల్లలను లెక్కపెట్టుకునే తల్లిలాగా.

పేజీ మొదటిసారి ఇంటర్నెట్‌లోకి పోయిన రోజు నేను ఊళ్ళో ఉన్నాను. ఫోన్ చుట్టూ మా వాళ్ళంతా చేరారు. ఫొటోలు వచ్చాయి, సంచి మరిచిపోలేదు. అక్షరాలే రాలేదు. ఇంగ్లీషు ముక్కలు, కొక్కేలు, గీతలు, రెక్కలు తెగిన పురుగుల్లాంటి గుర్తులు. ఒక్కటీ తెలుగు కాదు.

నేర్చుకున్నదంతా ఒక్కసారిగా పోయిందనుకున్నాను. పక్కన డిగ్రీ చదివిన మా మరిది ఉంటే ఫోన్ చేతిలో పెట్టాను.

“ఏం రాసున్నది?”

అతను తిప్పి తిప్పి చూశాడు. “నాకూ ఏం తెలుస్తలేదు వదినా.”

మా పక్కింటి ముసలామె, ఇప్పటికీ వేలిముద్రే వేసేది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “నాకు రోజూ గిట్లనే కనబడ్తది. మీకు ఇయ్యాల ఎరుకైందా?”

అందరం నవ్వాం. ఆ ఒక్క పూట ఊరంతా ఒకే తరగతి.

నవ్వుతూనే టైపమ్మ దగ్గరికి పోయాను. ఆమె నవ్వలేదు. నా ఫోన్ చూసింది, తన కంప్యూటర్ చూసింది. అక్కడ ప్రతి అక్షరం ముత్యంలా ఉంది. “ఇక్కడ బాగానే ఉంది కదండీ” అంది. మళ్ళీ అదే మాట అంది. సాయంత్రం కొడుకు వచ్చి విప్పి చెప్పాడు. ఆమె వాడేవి పాత డీటీపీ అక్షరాలు. ఆ అక్షరాలు పెట్టుకున్న కంప్యూటర్‌లోనే అవి తెలుగు. ఇంకెక్కడైనా లోపలున్న ఇంగ్లీషు బయటపడుతుంది. అన్ని ఫోన్లలో కనబడే తెలుగు వేరే ఉంది, దాని మీటల వరస వేరే.

“వేరే అంటే?” అందామె.

“అక్షరాలు ఇప్పుడు నువ్వు కొట్టే చోట ఉండవమ్మా. వేరేచోట ఉంటాయి. నువ్వేం కష్టపడకు. నేను కొత్తగా చేసి పెడతాను, ధరలు మారినప్పుడు నాకు చెప్పు.”

మంచిగానే అన్నాడు. ఆమె తువ్వాలు తీసి మీటల మీద కప్పి వంటింట్లోకి పోయింది.

ఆ తర్వాత ఆమె ఆ గదిలోకి పోలేదు. కొడుకు రెండుసార్లు ధరలు మార్చాడు, మూడోసారి ఆఫీసు పనిలో పడి మరిచాడు. పాత ధర చూసి వచ్చిన డెకరేషన్ అతను మా వాళ్ళతో గొడవపడి పోయాడు. పేజీ తీసేద్దామని మా ఆడవాళ్ళు అన్నారు. పేజీ పోతే మా పూలు మళ్ళీ మార్కెట్ దాకా పోయి రావాలి. కానీ అది ఒక్కటే కాదు నా ఫికర్. నేను పోయినప్పుడల్లా ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఆ వేళ్ళు చీర మీద కదులుతుండేవి, ఏదో కొడుతున్నట్టు. చేతికి పని లేని మనిషి ఎన్నాళ్ళుంటుంది?

ఒకరోజు ఆమె చెయ్యి పట్టుకుని తీసుకుపోయి కుర్చీలో కూర్చోబెట్టాను. తువ్వాలు తీశాను.

“నా వల్ల కాదండి. నలభై ఏళ్ళు ఈ వేళ్ళకి ఒకటే దారి. ఇప్పుడు అది మరిచిపొమ్మంటే ఎట్లాగ?”

“నేను యాభై ఏండ్లు చదువు రాకుంట బతికిన. అది అలవాటు గాదా? మరిచిపోలేదా?”

“మీది లేనిది తెచ్చుకోవడం. నాది ఉన్నది పోగొట్టుకోవడం.”

నిజమే అది. జవాబు లేనప్పుడు నేను గట్టిగా మాట్లాడతాను.

“పోయింది పోయిందక్కా. కూసొని ఏడుస్తవా? బడిల నా పక్కన కూసున్నోళ్ళంత నా మనవరాలి ఈడోళ్ళకు తల్లులు. పలక మీద నా అ వంకర పోతే నవ్విండ్రు. నవ్వనీ అనుకున్న. నీకు నవ్వేటోళ్ళు గూడ లేరు, నేనొక్కదాన్నే ఉన్న.”

“మీరు నవ్వుతారుగా.”

“నవ్వుత. తప్పు కొడితే నవ్వుత.”

ఆమె పెదవి చివర కదిలింది. కొడుకు పెట్టిపోయిన కొత్త మీటల పటం బల్ల మీదే ఉంది. దాన్ని దగ్గరికి లాక్కుంది. అ ఎక్కడ, క ఎక్కడ అని ఒక్కో వేలు పెట్టి వెతికింది. అలవాటుగా ఒకటి కొడితే ఇంకొకటి పడేది. బంతి కొట్టబోతే నోరు తిరగని మాట ఏదో వచ్చింది. నేను చెప్పినట్టే నవ్వాను. రెండోసారికి ఆమే నవ్వింది. చివరికి బంతి అన్న మాట పడింది. వేళ్ళు అలిసిపోయి రెండు బొటనవేళ్ళూ పొడుగు మీట మీద ఆనించి కూర్చుంది.

“ఇదొక్కటే మారలేదండి” అంది. ఊరికే రెండుసార్లు కొట్టింది. “ఇది మాత్రం ఉన్నచోటే ఉంది.”

ఆ తర్వాత ఇద్దరం కలిసే నేర్చుకున్నాం. ఆమె మరిచిపోతూ, నేను కొత్తగా. ఆమె నాకన్నా ముందుపోతుందనుకున్నాను, చాలా రోజులు ఇద్దరిదీ ఒకటే నడక అయింది. అప్పుడు మాత్రం ఆమె నా మీద తువ్వాలు కప్పలేదు. తనూ చూసే కొట్టేది. తోచనప్పుడల్లా పొడుగు మీటను కొట్టేది. దారి తప్పిన మనిషి తెలిసిన అరుగు కనబడితే కాసేపు కూర్చున్నట్టు. పేజీ మళ్ళీ మా ఇద్దరి చేతికీ వచ్చింది. తలకట్టు నుంచి మొత్తం ఆమె తన పాత లెక్కతోనే మళ్ళీ కొట్టింది. డెకరేషన్‌వాళ్ళు నేరుగా ముడిమ్యాలకు బండి తేవడం మొదలుపెట్టారు. ఒకతను ఫోన్ చేసి, “మీ పేజీ జర వంకరగుంది అవ్వా” అన్నాడు. “పూలు సక్కగున్నయి, రా” అన్నాను.

పోయే ముందు ఎక్కువ రోజులు మంచాన పడలేదు. దవాఖానలో చూడబోతే ముక్కుకు గొట్టం ఉంది. మాట తక్కువ. నన్ను చూసి అడిగింది: “గులాబీ ఫొటో మార్చారా?”

“మార్చిన.”

“సంచి?”

“ఇద్దరూ కలిసే పోయిండ్రు.”

కళ్ళు మూసుకుంది. దుప్పటి మీద కుడిచేతి బొటనవేలు ఒకసారి కదిలింది. నేను చూసిన చివరి కదలిక అది. దానికి అర్థం వెతకను. అలవాటున్న చెయ్యి.

ఇప్పుడు ఆమె గదిలో కూర్చుని ఆ చుక్కలను చూస్తుంటే నాకు బ్యాంకు గుర్తొచ్చింది. ప్రతి చుక్కా ఒక బొటనవేలు ఒత్తిన ఆనవాలు. నా వేలిముద్రలు ఎన్ని కాగితాల మీద ఉన్నాయో, ఒక్కటీ నేను ఒత్తింది కాదు. ఇవన్నీ ఆమె ఒత్తినవే. ఒకరు పట్టుకుని ఒత్తించినది ఒక్కటీ లేదు.

అలాగని మొత్తం ఉంచుదామనే రకం కాదు నేను. ధర కనబడని ధరల పేజీ ఎందుకు? ఆమె అయినా ఆ మాటే అనేది. కొడుకు రెండు గ్లాసులతో వచ్చి, ఒకటి నా ఎడమపక్క పెట్టి, నిలబడ్డాడు.

“ధరల కాడ ఉన్నయన్నీ తీసెయ్యి” అన్నాను. “కొనేటోనికి కనబడాలె.”

“పైనవి?”

“తలకట్టు ముందటివా? అవి ఉండనీ.”

“ఫోన్లో తలకట్టు పక్కకి పోతుంది పిన్నిగారూ.”

“పోనీ. ముడిమ్యాల పూలు అని ఏ మూల రాసున్నా ముడిమ్యాల పూలే.”

అతను నా పక్కన వంగి, ధరల దగ్గరి చుక్కలను ఒక్కొక్కటే చెరిపాడు. అన్నీ ఒకేసారి పోయే ఉపాయం అతనికి తెలియక కాదు. తలకట్టు దగ్గరికి వచ్చాక ఆగి, మళ్ళీ ఆ గుర్తు మీద నొక్కాడు. మిగిలిన చుక్కలు కనబడకుండా పోయాయి. అవి ఎక్కడికీ పోలేదని మా ఇద్దరికీ తెలుసు.

నేను కుర్చీ ముందుకు జరుపుకుని చామంతి కొత్త ధర కొట్టాను. వరస చివరికి వచ్చాను. నా ఎడమచెయ్యి గాలిలోకి లేచింది. నేను లేపలేదు.

అతను చూశాడు. చెయ్యి చాపి, నా టీ గ్లాసు తీసి కుడిపక్కన పెట్టాడు.